కాలేజీ ప్రెసిడెంట్ సెర్చ్ కమిటీకి నా పేరు ఇస్తామంటున్నారు, ఒప్పుకోనా వద్దా?

ప్రశ్న: నమస్కారమండీ. మేం కాలిఫోర్నియాలో ఉంటాం. నేను ఇక్కడ ఒక కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఐదేళ్ళు పార్ట్‌టైమ్‌గా రెండు కాలేజీల మధ్య కారులో తిరిగాక, మూడేళ్ళ కిందట ఫుల్‌టైమ్ వచ్చింది. టెన్యూర్, అంటే ఉద్యోగం పర్మనెంట్ కావడం, ఇంకా రాలేదు. ఈ ఏడాది మా కాలేజీలో పెద్ద కుర్చీలు మూడూ ఒకేసారి ఖాళీ అవుతున్నాయి. కాలేజీకి పెద్ద అయిన ప్రెసిడెంట్ జూన్‌లో రిటైరవుతున్నారు. చదువుల వ్యవహారాలు చూసే వైస్ ప్రెసిడెంట్ వేరే కాలేజీకి వెళ్ళిపోతే, ఆ సీట్లో మా డీన్‌ని తాత్కాలికంగా కూర్చోబెట్టారు. ఫైనాన్స్ చూసే వైస్ ప్రెసిడెంట్ కూడా వెళ్ళిపోతున్నారని అంటున్నారు.

మొన్న మా అకడమిక్ సెనేట్ (టీచర్ల ప్రతినిధుల సభ) వాళ్ళు కొత్త ప్రెసిడెంట్‌ని వెతికే సెర్చ్ కమిటీకి నా పేరు ఇస్తామన్నారు. వీలైతే వైస్ ప్రెసిడెంట్ కమిటీలో కూడా కూర్చోమన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. నా ఎవాల్యుయేషన్ మీద సంతకం పెట్టేది ఆ తాత్కాలిక వైస్ ప్రెసిడెంటే. ఆయన ఆ పోస్టుకి అప్లై చేస్తారని అందరికీ తెలుసు, ప్రెసిడెంట్ పోస్టుకి కూడా చేస్తారేమో అంటున్నారు. నాకు ఈ ఉద్యోగం రావడానికి ఆయన చాలా సాయం చేశారు. కమిటీలో మిగతావాళ్ళంతా పాతికేళ్ళ సీనియర్లు, గలగలా మాట్లాడతారు. నా యాసతో వాళ్ళ మధ్య నోరు విప్పాలంటే భయం. గుంటూరులో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌గా చేసి రిటైరైన మా నాన్నగారు “పైవాళ్ళ నియామకాల్లో వేలు పెట్టకు తల్లీ, రేపు ఎవరొచ్చినా నీ మీదే పడుతుంది” అంటున్నారు. వెళ్ళాలా, మానాలా? వెళితే ఎవరు మంచివాళ్ళో ఎలా తెలుసుకోవాలి?

— ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా

సమాధానం: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. ప్రెసిడెంట్ సెర్చ్‌కి వెళ్ళండి. వైస్ ప్రెసిడెంట్ కమిటీకి మాత్రం వెళ్ళొద్దు. ఒకవేళ మీ డీన్ ప్రెసిడెంట్ పోస్టుకి కూడా అప్లై చేస్తే ఆ కమిటీ నుంచి కూడా బయటికి వచ్చేయండి.

కారణం మీకూ తెలుసు. కాలిఫోర్నియాలో టెన్యూర్‌కి నాలుగేళ్ళు పడుతుంది. మొదట ఒక ఏడాది కాంట్రాక్టు, తర్వాత ఇంకో ఏడాది, ఆ తర్వాత రెండేళ్ళది. మీరిప్పుడు ఆ మూడో కాంట్రాక్టులో ఉన్నారు. నాలుగో ఏడాది మార్చి 15 లోపు బోర్డు ఏ సంగతీ తేల్చి చెప్పాలి. ఇలాంటి సమయంలో, మీ ఫైలు మీద సంతకం పెట్టే మనిషి దరఖాస్తుకి మీరు మార్కులు వేయకూడదు. మీరు ఎంత నిజాయితీగా వేసినా సరే, ఎక్కువ వేస్తే ఋణం తీర్చుకుందంటారు, తక్కువ వేస్తే విశ్వాసం లేదంటారు. దీనివల్ల ఆయనకూ న్యాయం జరగదు. ఆయన నిజంగా సమర్థుడే అయితే, ఆ ఎంపిక మీద మరక లేకుండా ఉండటం ఆయనకీ అవసరం.

అందుకని ఈ వారంలోనే సెనేట్ ప్రెసిడెంట్‌కి, హెచ్ఆర్‌కి కలిపి ఒక ఈమెయిల్ రాయండి. పొడుగ్గా అక్కర్లేదు. “ప్రెసిడెంట్ సెర్చ్‌లో పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాను. నా టెన్యూర్ ప్రక్రియలో ఫలానా పదవిలో ఉన్నవారి పాత్ర ఉంది. వారు అభ్యర్థి అయితే నేను తప్పుకుంటాను, నా బదులు ఎవరు వస్తారో ముందే నిర్ణయించి పెట్టండి.” ఈ మూడు మాటలు చాలు. దరఖాస్తుల గడువు ముగిసేదాకా ఎవరు అప్లై చేశారో కమిటీకి తెలియదు. పేర్లు చూశాక తప్పుకుంటే ఆ తప్పుకోవడానికే పది అర్థాలు తీస్తారు. ముందే రాసి పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనలేరు.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన చెప్పింది ఆయన చూసిన ప్రపంచంలో నిజం. అక్కడ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌ని వెతికే సెర్చ్ కమిటీ అంటే ముగ్గురు మనుషులు. యూజీసీ తరఫున ఒకరు, యూనివర్సిటీ తరఫున ఒకరు, ప్రభుత్వం తరఫున ఒకరు. వాళ్ళు ఇచ్చే పేర్లు పైకి వెళతాయి, ఒక రోజు పేపర్లో ఉత్తర్వు కనిపిస్తుంది. అఫిలియేటెడ్ కాలేజీలో పాఠం చెప్పే లెక్చరర్‌ని ఎవరూ అడగరు. అడగని చోట నోరెత్తితే ఏమవుతుందో ఆయన సర్వీసంతా చూసే ఉంటారు.

మీరున్న చోట ఏర్పాటు వేరు. కాలిఫోర్నియాలో 1988లో ఏబీ 1725 అనే చట్టం వచ్చింది. కమ్యూనిటీ కాలేజీల నిర్వహణలో టీచర్ల సెనేట్‌కి, స్టాఫ్‌కి, విద్యార్థులకి మాట ఉండాలని ఆ చట్టం చెప్పింది. అంటే మీరు వేలు పెట్టడం లేదు, మీకు కుర్చీ వేసి పిలుస్తున్నారు. నాన్నగారికి ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆఖరి నిర్ణయం కమిటీది కాదు. అది జనం ఓట్లతో గెలిచిన ట్రస్టీల బోర్డుది. కమిటీ వడపోస్తుంది. చాలాచోట్ల ముగ్గురు నలుగురి పేర్లు, ఎవరు ఫస్టు ఎవరు సెకండు అని చెప్పకుండా, పైకి పంపుతుంది. ఎవరొచ్చినా “ఈవిడ వల్లే వచ్చారు” అనీ, “ఈవిడ వల్లే ఆగిపోయారు” అనీ అనేందుకు అక్కడ చోటు ఉండదు.

ఈ కాలేజీల గురించి తెలియని పాఠకులకి ఒక్క మాట. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ళ చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ. మొదటిది 1901లో ఇల్లినాయ్‌లోని జోలియట్‌లో పెట్టారు. కాలిఫోర్నియాలో ఇప్పుడు ఇలాంటివి 116 ఉన్నాయి. ఆ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి యూనిట్‌కి, అంటే ఒక్కో క్రెడిట్‌కి, 46 డాలర్లు ఫీజు. అక్కడ రెండేళ్ళు చదివి యూనివర్సిటీకి మారేవాళ్ళు, నర్సింగ్, వెల్డింగ్ లాంటివి నేర్చుకునేవాళ్ళు, నలభై ఏళ్ళకి మళ్ళీ పుస్తకం పట్టిన అమ్మలు, అందరూ ఒకే క్లాసులో ఉంటారు. బే ఏరియాలో మన తెలుగు పిల్లలు హైస్కూల్లో ఉండగానే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ పేరుతో ఇక్కడ క్రెడిట్లు తీసుకుంటున్నారు. ఈ కాలేజీ ప్రెసిడెంట్ ఎవరన్నది మన ఇళ్ళకి కూడా సంబంధించిన సంగతే.

మూడు కుర్చీలు ఒకేసారి ఖాళీ అన్నారు కదా, అక్కడ మీరు గట్టిగా అడగాల్సింది ఒకటుంది. ముందు ప్రెసిడెంట్‌ని తేల్చమనండి. వైస్ ప్రెసిడెంట్ల సెర్చ్ ఆ తర్వాతే. ఖాళీలు త్వరగా నింపేద్దామని మూడింటికీ ఒకేసారి ప్రకటన ఇచ్చే కాలేజీలున్నాయి. మంచి అభ్యర్థి ఎవరైనా ముందు అడిగేది “నా బాస్ ఎవరు?” అనే. దానికి జవాబు లేనప్పుడు, ఉన్నచోట బాగా పనిచేసుకుంటున్న మనిషి అప్లికేషన్ పెట్టరు. రేపు వచ్చే ప్రెసిడెంట్‌కి కూడా తాను ఎంచుకోని జట్టుతో పని మొదలుపెట్టాల్సి వస్తుంది. ఈలోపు తాత్కాలికంగా ఉన్నవాళ్ళతో నడిపితే కొంత నష్టం ఉంటుంది, కాదనను. 2024లో తెలంగాణలో వీసీల పదవీకాలం మేలో ముగిసి కొత్తవాళ్ళు అక్టోబర్‌లో వచ్చేదాకా ఐఏఎస్ అధికారులు ఇన్‌ఛార్జులుగా ఉన్నారు. ఇన్‌ఛార్జి పాలనలో ఫైళ్ళు ఎలా కదులుతాయో మీ నాన్నగారిని అడిగితే గంటసేపు చెబుతారు. అయినా ఆరు నెలల ఇన్‌ఛార్జి కంటే, తొందరపడి తెచ్చుకుని రెండేళ్ళలో పంపించేసే మనిషి ఖరీదు ఎక్కువ.

ఆ కుర్చీలో మనుషులు ఎక్కువకాలం ఉండటం కూడా తగ్గిపోతోంది. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సర్వేల ప్రకారం 2006లో కాలేజీ ప్రెసిడెంట్లు సగటున 8.5 ఏళ్ళుగా పదవిలో ఉన్నారు. 2022 నాటికి అది 5.9కి పడిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ 2012లో గుర్తింపు పోయే పరిస్థితికి వచ్చి, 2017లో పూర్తిగా బయటపడేదాకా, ఛాన్సలర్ (అక్కడ కాలేజీ పెద్ద) కుర్చీలో మనుషులు మారుతూనే ఉన్నారు. పైన మనిషి మారిన ప్రతిసారీ కింద జరుగుతున్న పని మళ్ళీ మొదటికొస్తుంది. పాఠం చెప్పే మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీరేం చెయ్యగలరన్నది చూద్దాం. అసలు పని దరఖాస్తులు రాకముందే ఉంటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. అభ్యర్థుల్ని వెతికిపెట్టే సెర్చ్ సంస్థ తరఫున ఒక కన్సల్టెంట్ వస్తారు. స్టాఫ్‌తో, విద్యార్థులతో మీటింగులు పెట్టి, “మీకెలాంటి ప్రెసిడెంట్ కావాలి?” అని అడుగుతారు. జనం దూరదృష్టి కావాలంటారు, అందరినీ కలుపుకుపోవాలంటారు, పారదర్శకత అంటారు. అవన్నీ కలిపి నాలుగు పేజీల ప్రొఫైల్ రాస్తారు. కాలేజీ పేరు తీసేస్తే అది ఏ కాలేజీకైనా సరిపోతుంది. దాన్ని అలా పోనివ్వకండి. వచ్చే ఐదేళ్ళలో మా కాలేజీ ముందున్న కష్టాలు ఇవీ అని మూడు రాయించండి. లెక్కల టీచరుగా మీకు తెలిసినంత సూటిగా ఆ గదిలో ఎవరికీ తెలియకపోవచ్చు. 2017లో ఏబీ 705 అనే చట్టం వచ్చాక రెమెడియల్ క్లాసులు (వెనకబడినవాళ్ళకి చెప్పే పునాది పాఠాలు) చాలావరకు పోయి, పిల్లలు నేరుగా ట్రాన్స్‌ఫర్ స్థాయి, అంటే యూనివర్సిటీలో చెల్లే స్థాయి లెక్కల్లోకి వస్తున్నారు. వాళ్ళలో తడబడేవాళ్ళకి ఎవరు, ఏ డబ్బుతో, ఎంతసేపు సాయం చేయాలి? 2018 నుంచి రాష్ట్రం ఇచ్చే డబ్బు ఎంతమంది చేరారన్నదాని మీదే కాకుండా, ఎంతమంది పేద విద్యార్థులున్నారు, ఎంతమంది గట్టెక్కారు అన్నదాని మీద కూడా లెక్కగడుతున్నారు. ఆ లెక్క మీ కాలేజీని ఎక్కడ నొక్కుతోంది? ఇవి ప్రొఫైల్‌లో రాసి ఉంటే, చదివిన అభ్యర్థికి ఎక్కడికి వస్తున్నారో తెలుస్తుంది. మీకు కూడా ఇంటర్వ్యూలో ఏం అడగాలో తెలుస్తుంది.

మీరు ఐదేళ్ళు పార్ట్‌టైమ్ చేశారు. ఒక డిస్ట్రిక్టులో (కాలేజీల్ని నడిపే పాలనా విభాగంలో) ఫుల్‌టైమ్ పనిలో 67 శాతానికి మించి ఇవ్వరు కాబట్టి రెండో కాలేజీకి వెళ్ళడం, డిక్కీలో పేపర్ల డబ్బాలు, పార్కింగ్ లాట్‌లో కూర్చుని మధ్యాహ్నం డబ్బా తినడం, ఇవన్నీ తెలిసిన మనిషి ఆ కమిటీలో మీరొక్కరే కావచ్చు. పార్ట్‌టైమ్ వాళ్ళ సంగతి మూడు కష్టాల్లో ఒకటిగా పెట్టించగలిగితే అదే పెద్ద పని.

తర్వాత దరఖాస్తులు వస్తాయి. అందరికీ ఒకే కొలత పెట్టుకుని, ప్రతి ఒక్కటీ రెండుసార్లు చదవండి, మార్కుల పక్కన కారణం రాయండి. పరిపాలన ఉద్యోగానికి కనీస అర్హత మాస్టర్స్ డిగ్రీ, ఆ పనికి తగ్గ నాయకత్వ అనుభవమో శిక్షణో ఒక ఏడాది. అంతే. డాక్టరేట్ లేదని పక్కన పడేసేవాళ్ళు కమిటీలో ఉంటారు. ప్రకటనలో అది తప్పనిసరి అని రాయకపోతే వాళ్ళకి గుర్తుచేయండి.

మన అలవాటు ఒకటి ఇక్కడ మనకే చిక్కు తెస్తుంది. మనిషి కనబడగానే “మీదే ఊరు, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు?” అంటాం. ప్రేమతోనే అడుగుతాం. ఇక్కడ అభ్యర్థిని అలా అడగకూడదు. ఇంటర్వ్యూ గదిలోనే కాదు, లంచ్ బల్ల దగ్గర, లిఫ్ట్‌లో, కారు దాకా దింపుతూ కూడా. వయసు, పెళ్ళి, పిల్లలు, పుట్టిన దేశం ఏదీ మాటల్లోకి రాకూడదు. పాత జీతం ఎంతని అడగడం 2018 జనవరి నుంచి ఇక్కడ చట్టవిరుద్ధం. అభ్యర్థి పనిచేసే కాలేజీలో మన స్నేహితులెవరైనా ఉంటే చటుక్కున ఫోన్ చేసి “ఎలాంటివారండీ?” అని వాకబు చేసే అలవాటు కూడా మానుకోవాలి. ఆ ఒక్క ఫోన్‌తో వాళ్ళు వేరే చోటికి ప్రయత్నిస్తున్నారని అక్కడ తెలిసిపోతుంది. ఆ పదవుల్లో అలా తెలిస్తే ఉన్న ఉద్యోగానికే ఎసరు రావచ్చు.

ఇంటర్వ్యూల దగ్గర నా అనుభవం చెబుతాను. నేను ఇక్కడి కాలేజీల్లో ఇరవై ఏళ్ళకి పైగా పనిచేశాను. ఒక ప్రెసిడెంట్ సెర్చ్‌లో ఒకాయన స్లైడ్లు లేకుండా ఇరవై నిమిషాలు మాట్లాడారు. పేదరికంలో పుట్టి కమ్యూనిటీ కాలేజీలో చదివిన కథ. నా పక్కనున్నావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత మా ప్రశ్నల్లో ఒకటి, “మీరు తీసుకున్న నిర్ణయాల్లో తప్పని తేలినది ఒకటి చెప్పండి” అన్నది. ఆయన నవ్వి, తాను అందరినీ ఎక్కువగా నమ్ముతానని, అదే తన బలహీనత అని చెప్పారు. గదిలో అందరూ నవ్వారు.

ఆ మధ్యాహ్నం ఒకావిడ వచ్చారు. గొంతు చిన్నది, నీళ్ళ సీసా రెండుచేతుల్తో పట్టుకుని కూర్చున్నారు. అదే ప్రశ్నకి కాసేపు ఆలోచించి చెప్పారు. “సీట్లు నిండట్లేదని ఒక సెమిస్టర్‌లో సాయంత్రం ఇంగ్లీష్ క్లాసులు తీసేశాను. ఎందుకు నిండట్లేదో కనుక్కోలేదు. క్లాసు తొమ్మిదిన్నరకి అయ్యేది, చివరి బస్సు తొమ్మిదీ ఇరవైకి. బోర్డు మీటింగ్‌లో ఒక విద్యార్థి తల్లి లేచి చెబితే తెలిసింది. క్లాసు తీసేయడం కాదు, అరగంట ముందుకు జరిపితే సరిపోయేది. తర్వాతి సెమిస్టర్‌లో మళ్ళీ పెట్టాం. పోయినవాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు.” అంతే చెప్పి ఊరుకున్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు.

నేను కూడా మొదటాయనకే ఎక్కువ మార్కులు వేశాను. ఇద్దరి పేర్లూ పైకి వెళ్ళాయి, బోర్డు ఆయన్నే తీసుకుంది. పదహారు నెలల్లో వెళ్ళిపోయారు. ఆవిడ వచ్చి ఉంటే అంతా బాగుండేదని నేను చెప్పలేను. కానీ ఆ మధ్యాహ్నం నా ముందుకి ఒక మనిషి చేసిన పని, దాని ఫలితం, దాన్ని సరిదిద్దిన తీరు అన్నీ వచ్చాయి. నేను వాటికి మార్కులు వేయలేదు, గొంతుకి వేశాను. అప్పటినుంచి నా కాగితంలో రెండు గళ్ళు గీసుకునేదాన్ని. ఒకదాంట్లో “ఏం చేస్తానన్నారు”, రెండోదాంట్లో “ఏం చేశారు”. రెండో గడి ఖాళీగా ఉంటే మొదటిది ఎంత నిండినా మార్కులు తగ్గించేదాన్ని. మీరు కూడా అలా గీసుకోండి.

ప్రశ్నలు కూడా రెండో గడి నిండేలా తయారుచేయండి. “వైవిధ్యం గురించి మీ అభిప్రాయం ఏమిటి?” అంటే అందరూ ఒకే జవాబు చెబుతారు. “మీ కాలేజీలో పార్ట్‌టైమ్ వాళ్ళకి మీరున్నప్పుడు ఏం మారింది? దానికి డబ్బు ఎక్కడినుంచి తెచ్చారు?” అని అడగండి. చేసినవాళ్ళకి చెప్పడానికి ఉంటుంది.

యాస సంగతికి వస్తాను. ఇంటర్వ్యూలో అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుసలో అడుగుతారు. మీ వంతు ప్రశ్న కాగితం మీద ఉంటుంది, నిదానంగా చదవండి. చర్చ దగ్గరే మీ భయం. అందుకే నోట్సు రాసుకోమన్నది. ఎవరికి ఎన్ని మార్కులో, ఏ జవాబుని బట్టి వేశారో రాసి ఉంటే, గలగలా మాట్లాడేవాళ్ళ మధ్య కూడా మీ మాట నిలబడుతుంది. మొదట్లోనే ఒకసారి మాట్లాడేయండి, ఆలస్యం చేసినకొద్దీ గొంతు పెగలదు.

మీరు మాత్రమే చేయగలిగిన పని కూడా అక్కడే ఉంది. ఏదో ఒక అభ్యర్థి గురించి ఎవరో ఒకరు “కమ్యూనికేషన్ అంత బాగాలేదు” అంటారు. వియత్నాం నుంచి వచ్చినవారో, మెక్సికో నుంచి వచ్చినవారో, మనవారో అయి ఉంటారు. అప్పుడు మీరు మెల్లగా “ఏ జవాబు అర్థం కాలేదు?” అని అడగండి. ఎవరూ చూపించలేకపోతే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. ఇలా ఆగడం నేను చూశాను. మాట పూర్తయ్యేదాకా ఎదుటివాళ్ళు ఓపిక పట్టకపోతే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి అడిగినప్పుడు ఆ ప్రశ్నకి బలం ఉంటుంది.

ఫైనలిస్టుల పేర్లు బయటపెట్టాక ఓపెన్ ఫోరమ్‌లు, అంటే అందరూ వచ్చి వినే సభలు, ఉంటాయి. మీరు ప్రతి ఫోరమ్‌కీ వెళ్ళి వెనక వరసలో కూర్చోండి. అభ్యర్థి వేదిక మీద ఉన్నప్పుడు కాదు, మైకు అందించే కుర్రాడితో, కాఫీ సర్దే మనిషితో ఎలా ఉన్నారో చూడండి. ఆ పేర్లు బయటికి వచ్చాక, వాళ్ళు పనిచేసిన కాలేజీల బోర్డు మీటింగ్ మినిట్స్ ఎవరైనా చదువుకోవచ్చు, అవి పబ్లిక్. ఒక సాయంత్రం కూర్చుని రెండేళ్ళవి చదివితే, ఏ గొడవల్లో ఏ పక్షాన నిలబడ్డారో, ఏ ఓటు ఎలా పోయిందో తెలుస్తుంది. రిఫరెన్సులు మాట్లాడటం కన్సల్టెంట్ పనో, బోర్డు పనో. అయినా అభ్యర్థి ఇచ్చిన జాబితాతో ఆగకుండా, వారి అనుమతి తీసుకుని అక్కడి యూనియన్ నాయకులతో, బడ్జెట్ ఆఫీసులో పనిచేసిన వాళ్ళతో కూడా మాట్లాడమని కమిటీ తరఫున అడగొచ్చు.

ఆ తర్వాత మీ చేతిలో ఏమీ ఉండదు. స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలని చెప్పే 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం ట్రస్టీలు నియామకం గురించి తలుపులు మూసి మాట్లాడుకోవచ్చు, నిర్ణయాన్ని మాత్రం బయటికి చెప్పాలి, జీతం సంగతి బహిరంగ సమావేశంలో చెప్పి ఆమోదించాలి. ఆ రోజు వెళ్ళి వినండి.

మీ డీన్ గారికి కూడా మీరే ఒక మాట చెప్పండి. ఇంకెవరి ద్వారానో తెలియడం బాగుండదు. “సార్, నేను ప్రెసిడెంట్ సెర్చ్‌లో ఉంటున్నాను, మీరు ఉన్న ఏ సెర్చ్‌లోనూ ఉండను, ఈ విషయం హెచ్ఆర్‌కి రాశాను” అని. అప్లై చేస్తున్నారా అని అడగొద్దు. ఆయన చెప్పబోయినా “నాకు చెప్పకండి సార్” అనండి. మీకు సాయం చేసిన మనిషి కాబట్టి అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోకపోతే, టెన్యూర్ కమిటీ వాళ్ళిచ్చే ప్రతి కాగితం కాపీ ఇంట్లో ఒకటి దాచుకోండి, మీ యూనియన్ ప్రతినిధితో ఒకసారి మాట్లాడి ఉంచండి.

ఒప్పుకుంటే మీతో గోప్యత పత్రం మీద సంతకం పెట్టిస్తారు. అది మీ ఆయనకి, తెలుగు స్నేహితుల వాట్సాప్ గ్రూపుకి, గుంటూరు ఫోన్లకి కూడా వర్తిస్తుంది. “ఎవరొస్తున్నారు?” అని చుట్టూ ఉన్నవాళ్ళు చాలా అడుగుతారు. “నేను కమిటీలో ఉన్నాను, చెప్పకూడదు” అన్న ఒక్క వాక్యమే ప్రతిసారీ చెప్పండి. ప్రశ్నలు తయారుచేసేటప్పుడు మీకు ఏ సందేహం వచ్చినా మళ్ళీ రాయండి, వెంటనే జవాబిస్తాను. అభ్యర్థుల పేర్లు మాత్రం నాకు కూడా రాయకండి.